పికరింగ్ గారి అభ్యంతరాలు

"కాదన్నాడా?" అంది ఎడ్నా.

"కాదన్నాడు," అన్నాడు క్లిఫ్.

"చదువు."

క్లిఫ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇంటి మార్పులకి అనుమతిచ్చే ఊరి కౌన్సిల్ నుంచి వచ్చిన మూడో కాగితం అది. మొదటిసారి కప్పు పెంకుల రంగు కుదరదన్నారు. రెండోసారి కిటికీలోంచి పక్కవాళ్ళ దొడ్డి కనబడుతుందన్నారు. ఇప్పుడు మెట్లు. అటక మీదికి వేసే మెట్ల మీద మనిషి తలెత్తి నడవడానికి రెండు మీటర్ల ఎత్తు ఉండాలట. ఈ ఇంట్లో బెత్తెడు తక్కువట. కనుక అటకను గదిగా మార్చడానికి వీల్లేదట. కింద పికరింగ్ అని టైపు చేసి, పైన సంతకం గీకి ఉంది.

"నిలబడితే నీ భుజం దాకా రాను. నా తల దేనికి తగులుతుందట?"

"రూలు అందరికీ ఒకటేనట."

ఎడ్నా మంచం ముందుగదిలోకి మారి ఐదు నెలలయింది. ఉన్న మెట్లే ఎక్కలేకపోతోంది. ఫిబ్రవరిలో నర్సు క్లిఫ్‌ను వాకిట్లోకి పిలిచి, రెండు వారాలు, మహా అయితే మూడు అని చెప్పింది. ఇప్పుడు జూన్.

అటక కప్పుకి కిటికీ పెడితే ఎదురు వరస ఇళ్ళ పొగగొట్టాల మీదుగా గొర్రెల కొండ కనబడుతుంది. ఎడ్నా పుట్టింది ఆ కొండ మీద. నలభై ఏళ్ళుగా ఆ గది అడుగుతోంది. నలభై ఏళ్ళుగా క్లిఫ్ చూద్దాం అంటూనే ఉన్నాడు. నర్సు ఆ మాట చెప్పిన వారమే ఎడ్నా తెగేసి చెప్పింది.

"కౌన్సిల్ వాళ్ళు సరే అని కాగితం ఇచ్చేదాకా నేను చావను. ఇచ్చాక చస్తాను."

మర్నాడు క్లిఫ్ కోటు తొడుక్కుని కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళాడు. చీకటి పడే వేళకి వచ్చాడు. "ఉత్తరం రాస్తారట," అన్నాడు. అంతే అన్నాడు.

"రాసుకో," అంది ఎడ్నా ఇప్పుడు. క్లిఫ్ కాగితం తీశాడు. "అయ్యా పికరింగ్ గారూ. మీ తలకాయ చాలా ఎత్తున ఉన్నట్టుంది. అక్కడ గాలి తప్ప ఇంకేమీ ఉండదు."

"అలా రాస్తే కోపమొస్తుంది ఆయనకి."

"రావాలనే."

నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక ఉడికించిన గుడ్డు సగం తింది. ఉత్తరం వచ్చిన రోజునే ఆమె ఏదైనా తినేది. మిగతా రోజుల్లో చెంచాతో నీళ్ళు.

"పొద్దున్నంతా షెడ్డులో టకటకా ఏం కొడుతున్నావు?" అని అడిగింది.

"పిట్టలకి పెట్టె చేస్తున్నా."

"నాలుగు నెలలుగానా? ఏం పిట్టలు, నెమళ్ళా?"

నాలుగో కాగితంలో దూలాలు బరువు ఆపవన్నాడు పికరింగ్. నేను బరువా అని ఎడ్నా చెయ్యి పైకెత్తి చూపించింది. మణికట్టు చెంచా కాడలా ఉంది.

పక్కింటి బెరిల్ ఆ పూట కస్టర్డు తెచ్చింది. సంగతి విని మండిపడింది.

"మా తమ్ముడు అటక మీద గది కట్టాడు, ఏ కాగితమూ తీసుకోలేదు. అనుమతే అక్కర్లేదన్నారు కౌన్సిల్ వాళ్ళు."

"వాళ్ళ వీధి వేరు," అన్నాడు క్లిఫ్.

"కాకపోతే మధ్యలో గబ్బిలం బయటపడింది. వాటిని కదపకూడదని చట్టం. ఏడాది పాటు పని ఆపించారు."

"ఏడాదా?" అంది ఎడ్నా.

"ఏడాది తల్లీ. ఒక్క పిల్ల గబ్బిలం కోసం."

ఎడ్నా గిన్నె ఇటు ఇమ్మంది. కస్టర్డు రెండు చెంచాలు తింది.

ఐదో కాగితం జూన్ చివర్లో వచ్చింది. మళ్ళీ కిటికీయే. పక్కవాళ్ళ దొడ్డే. మాటలు కాస్త అటూ ఇటూ మార్చాడు.

ఎడ్నా కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత కళ్ళు తెరిచి క్లిఫ్ వంక చూసింది.

"పాపం, పికరింగ్ దగ్గర సరుకైపోయినట్టుంది," అంది. "కాగితం ఇలా ఇవ్వు. ఈసారి నేనే రాస్తాను."

"నీ చెయ్యి వణుకుతుంది."

"వణకనీ. నువ్వు అటు తిరుగు."

ఒక ముక్క రాయడానికి ఆమెకు ఒక పూట పట్టింది. కవరుకి తడి చేద్దామంటే నోట్లో ఉమ్మి లేదు. టీలో వేలు ముంచి అంటించింది. దాన్ని క్లిఫ్ చేతిలో పెట్టి, పోస్టు చేసిరా అంది.

క్లిఫ్ కోటు జేబులో పెట్టుకుని వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి బెరిల్ వాకిట్లో నిలబడి ఉంది. పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

ఎడ్నాను శుక్రవారం పాతిపెట్టారు. చర్చి నుంచి నలుగురైదుగురు ఇంటికొచ్చి టీ తాగారు.

"ఒక్క సంతకం," అంది బెరిల్. "చావబోయే మనిషి కోసం ఒక్క సంతకం పెట్టలేకపోయాడు ఆ పికరింగ్. వాడు మనిషేనా?"

క్లిఫ్ కప్పులు కడిగాడు. కడిగినవే మళ్ళీ కడిగాడు.

అందరూ వెళ్ళిపోయాక కోటు మేకుకి తగిలించబోతే జేబులో కవరు తగిలింది. ముందుగదిలో, ఖాళీ మంచం పక్కన కూర్చుని చించాడు. పైన పికరింగ్ గారికి అని ఉంది. కింద చీమలు పాకినట్టు ఒకటే వాక్యం.

"కిటికీ గురించి రెండుసార్లు రాసేశావు క్లిఫ్, ఈసారి అటకలో గబ్బిలాలున్నాయని రాయి, ఏడాది కలిసొస్తుంది."