ఒక ముక్క తక్కువ

"నాలుగు వందల తొంభై తొమ్మిది," అన్నాడు తూనికల ఇన్‌స్పెక్టర్. "ఒకటి తగ్గింది. ఇదిక లైబ్రరీలో పెట్టడానికి పనికిరాదు."

బల్ల మీద ముక్కలతో పేర్చిన పడవల రేవు బొమ్మ పూర్తయింది. కింద మూలకు దగ్గరగా, రేవు మెట్ల మధ్య మాత్రం బొటనవేలంత ఖాళీ. అందులోంచి అడుగున ఉన్న అట్ట కనిపిస్తోంది.

బొమ్మల లైబ్రరీకి జనం ఇచ్చేసిన పాత జిగ్సా పజిళ్ళను ఇంటికి తెచ్చి పేర్చడం, ముక్కలు లెక్కపెట్టడం, మంచీచెడూ చీటీ మీద రాసి పెట్టె మూతకు అంటించడం ఇన్‌స్పెక్టర్ దంపతుల ఆదివారాల వ్యాపకం. పేర్చేది ఇద్దరూ, రాసేది ఆయన. ఒక ముక్క చేతిలో పెడితే కళ్ళు మూసుకుని, అంచులు తడిమి, అది ఏ కంపెనీ కోతో చెప్పేయగలడు. ఆయన చీటీ ఉన్న పెట్టెను లైబ్రరీ గుమాస్తా మళ్ళీ తెరిచి చూడడు.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలు జరిపాడు. తివాచీ ఎత్తాడు. సోఫా కింద ఊడ్చి, దుమ్మంతా పేపరు మీద పోసి వేళ్ళతో కెలికాడు. చొక్కా చేతుల మడతలు కూడా విప్పి దులుపుకున్నాడు. భార్య బల్లకు అవతల కూర్చుని ఆయన వెతకడమే చూస్తోంది.

"అడిగితే దొరుకుతుందేమో," అంది.

"ఎవర్ని అడగను? పెట్టెకేమైనా నోరుందా?"

ఆయన చీటీ తీసి రాయడం మొదలుపెట్టాడు. రంగు బాగుంది. కోత బాగుంది. ఒక ముక్క తక్కువ. వెనకవైపు పిల్లలెవరో పెన్నుతో పిచ్చిగీతలు గీశారు.

"తిప్పి చూసి రాయండి," అంది భార్య. "చూడకుండానే పిల్లల మీదికి నెట్టేస్తే ఎలా?"

అది న్యాయంగానే తోచింది. బొమ్మ మీద ఇంకో అట్ట పరిచి, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని పైకెత్తారు. ఆమె గాజులు జారి మోచేతి దగ్గర ఆగాయి. జాగ్రత్త, మూల వదిలేస్తావని ఆయన గసిరాడు. తిరగేశారు.

పిచ్చిగీతలు కావు. ఉత్తరం.

ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు. మొదట గొంతులో కొంచెం వేళాకోళం ఉంది. నాలుగో వాక్యం దగ్గర అది పోయింది.

"మా ఆయన తిట్టడు, కొట్టడు, తాగడు. ఎవరితో చెప్పుకున్నా నీకేం లోటంటారు. వేసవి నుంచి నాకు నిద్ర లేదు. పది కిలోలు తగ్గాను. ఆయన చూడలేదు. ఒకసారి మూడు రోజులు నోరు విప్పకుండా ఉండి చూశాను. నాలుగో రోజు ఆయన, ఈమధ్య ఇల్లు ప్రశాంతంగా ఉంటోందన్నాడు. ఈ బొమ్మ పూర్తయిన రోజు దాటి నేను బతకను. ఇట్లు,"

ఆ తర్వాత పేరుండాల్సిన చోట ఖాళీ.

ఆయన మళ్ళీ మొదటినుంచి చదివాడు, ఈసారి పెదవులు మాత్రమే కదిలాయి.

"ఎవడీ వెధవ? కళ్ళెదుట మనిషి కరిగిపోతుంటే కనిపించదా వీడికి?"

భూతద్దం తెచ్చి వంగాడు. గుండ్రటి అక్షరాలు. తొందర లేకుండా, ఓపికగా రాసిన చేయి. సిరా వెలిసిపోలేదు కాబట్టి నెల కూడా దాటి ఉండదని లెక్కగట్టాడు. అంటే ఆవిడ ఇంకా బతికే ఉండొచ్చు.

"ఎవరో ఏమో. విడదీసి పెట్టెలో పోసేయండి," అంది భార్య.

"మనిషి ప్రాణమే అది. ఇంత రాతిగుండె ఎక్కణ్ణుంచి వచ్చింది నీకు?"

ఆమె మెల్లగా, "ఆవిడే మీ ఎదురుగా ఉంటే ఏం చేసేవారు?" అంది.

"ఏం చేస్తాను. ఏమైందమ్మా అని అడుగుతాను. ఆ ఒక్క మాట అడిగేవాడు లేకే కదా ఇంతదాకా వచ్చింది."

ఆమె ఇంకొంచెంసేపు కూర్చుంది. ఆయన భూతద్దం 'ఇట్లు' దగ్గర ఆగి, మళ్ళీ ఖాళీ అంచుల మీదికి జరిగింది. తలనొప్పిగా ఉంది, పడుకుంటానని ఆమె లేచింది. ఆయన తలెత్తకుండానే సరేనన్నాడు. పడకగది తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

ఆ చప్పుడు ఆయన విన్నాడు. కానీ మనసంతా ఆ ముక్క మీదే ఉంది. పేరొక్కటి తెలిస్తే చాలు, ఒక ప్రాణం నిలబడుతుంది. చాలా ఏళ్ళ తర్వాత తను మంచివాడినని ఆయనకు అనిపించింది. ఆ అనిపించడం హాయిగా కూడా ఉంది, అందుకు కొంచెం సిగ్గుపడ్డాడు.

లైబ్రరీకి ఫోన్ చేశాడు. పడవల రేవు పెట్టె ఎవరింటి నుంచి వచ్చిందో రిజిస్టర్లో చూసి చెప్పమన్నాడు. ఒక ఆడమనిషి ప్రాణాల మీదికి వచ్చిందని, ఆలస్యం చేయొద్దని, కావాలంటే తనే ఆ ఇంటికి వెళ్ళి మాట్లాడతానని ఒక్క గుక్కలో చెప్పాడు.

గుమాస్తా నవ్వాడు.

"రిజిస్టర్ ఎందుకు సార్. ఆ పెట్టె మీ మేడమ్‌గారే తెచ్చిచ్చారు కదా. మీరిద్దరూ ఏదో సరదాకి ఆడుకుంటున్నారనుకున్నాను. ఒక ముక్క తన దగ్గరే ఉంచుకున్నారట. మీరు అడిగితే ఇచ్చేస్తానన్నారు."