లెట్ యూ గో

"మార్గరెట్ మెసేజ్ పెట్టింది. లెట్ యూ గో అంటే ఏంటన్నా?" అన్నాడు డేనీ, ఫోన్ చూస్తూ.

క్లేటన్‌లోని ఆ అద్దె ఇంట్లో ఇద్దరిదీ ఒకటే గది. నేలమీద కాగితాలు పరుచుకుని పరీక్షకు చదువుతున్నాడు రాజారావు. ఫోన్ రిపేరుకిచ్చిన దగ్గర్నుంచీ నోట్సంతా కాగితాల మీదే. డేనీ మాటకు అతని గుండె గంతేసింది. ఇద్దరూ పనిచేసేది మార్గరెట్ బేకరీలోనే. బేరాలు తగ్గాయి, ఇద్దరిలో ఒకరిని తీసెయ్యక తప్పదని ఆమె వారం కిందటే అతని చెవిన వేసింది. ఆ సంగతి డేనీకి చెప్పలేదు. బాపట్ల నుంచి వచ్చి మూడు నెలలు కాలేదు, వీడికప్పుడే కౌంటరు. రెండేళ్ల నుంచి ఉన్న తనకేమో ట్రేలు కడిగే పని. ఆ కడుపుమంట ఇవాళ్టికి చల్లారింది. సంబరంలో ఇంకేదీ తలకెక్కలేదు.

"పూర్తిగా చదువు."

"సారీ, వియ్ హావ్ టు లెట్ యూ గో, అన్‌లెస్ యూ కెన్ డూ సండే మార్నింగ్స్."

పన్లోంచి తీసెయ్యడాన్ని ఇక్కడివాళ్లు అంత మర్యాదగా చెబుతారని రాజారావుకు బాగా తెలుసు. ఆదివారాలు వస్తానంటే ఉద్యోగం నిలుస్తుందనీ తెలుసు.

"శుక్రవారం పరీక్షకి లీవు అడిగాం కదరా. వెళ్లనిస్తానంటోంది."

"మరి సారీ ఎందుకు?"

"ఇక్కడ ప్రతిదానికీ సారీయే. ఆదివారాలు కుదరదని రాసెయ్."

డేనీ నసిగాడు. నోరు తెరిచి అడిగినప్పుడు కాదంటే బాగోదేమో అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. రాజారావు చెప్పనివ్వలేదు. ఇక్కడి ఇంగ్లీషు నీకేం తెలుసు, చెప్పింది కొట్టు అని కసిరాడు. ఆదివారాలు రావడం కుదరదు, వెళ్లనిస్తున్నందుకు చాలా సంతోషం, థాంక్స్ అని దగ్గరుండి రాయించాడు. పంపేదాకా వదల్లేదు.

నిమిషంలో జవాబొచ్చింది. సరే, మీ ఇద్దరిలో రెండో అతన్నే ఉంచుకుంటాను, గుడ్ లక్ అట.

రాజారావు డేనీ భుజం తట్టాడు. పాపం అని కూడా అనిపించలేదు. రేపట్నుంచి కౌంటరు తనది.

"నీకు లీవు దొరికేసిందన్నా," అన్నాడు డేనీ మొహమంతా నవ్వుతో. "నీ ఫోన్ బాగయ్యేదాకా నీ మెసేజ్‌లు నా నంబరుకే పెట్టమన్నావు కదా. ఇదిగో చూడు, పైన నీ పేరే ఉంది."