నా చేతికి అతికిన పిడి

మా అమ్మాయి గోదాముల్లో సరుకులెత్తే బండ్లకి కొత్త పిడి తయారుచేసిందండీ! ముప్ఫై ఏళ్లు ఆ బండే నడిపినవాణ్ణి, నా సంబరం ఏమని చెప్పను?

"ఊళ్లో వాళ్ల కొలతలెందుకు, అంత అనుభవమున్న చెయ్యి ఇంట్లోనే ఉండగా" అంటూ మట్టిముద్ద ఇచ్చి నా చేతే పట్టించి, ఆ అచ్చుతోనే చేసింది. పిడి నెగ్గితేనే దాని ఉద్యోగం నిలుస్తుంది.

పరీక్ష రోజు ముందు నేనే బండెక్కాను. ఒక్క వేలైనా నొప్పిపుడితే ఒట్టు!

"బంగారుతల్లీ, గెలిచేశావే!" అని అరిచాను.

తరవాత కుర్ర డ్రైవర్లు ఎక్కారు. పది నిమిషాలకే అందరూ మణికట్లు రుద్దుకుంటూ దిగారు.

"ఇంత వంకరేంటి మేడం? ఎవరి చెయ్యి చూసి చేశారు?" అన్నాడొకడు. మేనేజరు 'పనికిరాదు' అని రాసేశాడు.

"వీళ్ల మొహం! నాకు అతికినట్టుందిగా" అన్నాను.

అమ్మాయి నా చెయ్యి తీసుకుని వేళ్లు చాపబోయింది. అవి సగంలోనే ఆగిపోయాయి.

"నడక నేర్చినప్పట్నుంచీ ఈ చెయ్యే పట్టుకున్నాను నాన్నా. చేతులన్నీ ఇలాగే ఉంటాయనుకున్నాను."