కింద రాసిన లైను

"దుప్పటి అడుగున పెట్టినావు. చలేస్తే బస్సులో సంచీ అంతా కుమ్మరించల్నా?" అంటూ కదిరప్ప భార్య చేతిలోంచి సంచీ లాక్కున్నాడు.

కూతురు ఎస్తేరు బట్టలు మడతపెట్టి సర్దింది మారెమ్మే. కదిరప్ప వాటిని ఒక పక్కకు నెట్టి, తన రెండు చొక్కాలు, పంచె, పాత పేపర్లో చుట్టిన వెల్ల కుంచెలు అడుగున తోశాడు.

"పిల్లను తోడుకొని పోయి మర్నాడే వచ్చేదానికి కుంచెలెందుకు?"

"బెంగుళూరులో ఇట్లాంటివి మంచివి దొరుకుతాయంట. నమూనా చూపించద్దా? పొయ్యి తప్ప నీకేం తెలుసు."

ఇళ్ళకు వెల్ల వేసే కదిరప్ప మెచ్చిన మనిషి గార్లదిన్నెలో ఇంకా పుట్టలేదు. భార్య వంట పశువులకు పనికిరాదు, ఊళ్ళో గోడలన్నీ వంకర, వాటి మధ్య బతికేవాళ్ళు ఇంకా వంకర. కూతురు ఆరు నెలలుగా అనంతపురం పోయి కంప్యూటర్లో వెబ్ పేజీలు నేర్చుకుంటుంటే, "రంగులేసేది నేనూ చేస్తాండా. నన్నెవడూ బెంగుళూరికి పిలవలేదే" అనేవాడు. ఇప్పుడు నిజంగానే ఒక కంపెనీ, సొంతంగా చేసిన సైటు ఒకటి తెచ్చి చూపించమని ఆమెను పిలిచింది. నామోషీ కాకూడదని పొద్దున్నే మీసానికి రంగు కూడా వేసుకున్నాడు.

"పోయిన పిల్ల మళ్ళీ వస్తాదా?" మారెమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"రాకుంటే బాగుపడినట్టు. ఏడ్చింది చాల్లే."

బస్సెక్కే ముందు అనంతపురంలో కంప్యూటర్ సెంటర్ దగ్గర ఆగారు. అక్కడ నేర్పే వనజాక్షి, ఎస్తేరు చేసిన విత్తనాల అంగడి సైటు తెరిచింది. పేజీలో ఏ అక్షరం ఏ రంగులో, ఎంత సైజులో ఉండాలో చెప్పే సీఎస్‌ఎస్ ఫైలు చూస్తూనే ఆమె మొహం చిట్లించింది.

"ఇది ఫైలా, సంత మూటా? ఎరుపు అని పేరు పెట్టినావు, నీలం వస్తాంది."

"ముందు ఎరుపే మేడమ్. తర్వాత మార్చినా."

"మార్చలేదు. పైన ఎరుపు అట్లనే ఉండాది. కింద ఇంకో లైను రాసి కప్పిపెట్టినావు. కింద రాసిందే చెల్లుతాది గదా అని ప్రతిదానికీ ఇదే పని. మీ నాయన పగుళ్ళ మీద సున్నం కొట్టినట్టు."

"పగులు కనపడకుంటే పగులు లేనట్టే గదా మేడమ్." కదిరప్ప పళ్ళికిలించాడు.

"తెరిచి చూసేవాడికి కనపడతాదప్పా. ఒక రంగు ఒక చోట రాయల్ల. ఈమె ప్రతి పేజీకీ మళ్ళీ మళ్ళీ రాసింది. ఇది చూసి వద్దన్నారంటే ఆ కంపెనీ ఇంకోసారి పిలవదు. నాకు తెలిసినోళ్ళే, ఫోన్ చేసి నెల గడువు అడుగుతా. అంతలోపల ఇదంతా శుభ్రం చేయిస్తా."

ఎస్తేరుకు ప్రాణం లేచొచ్చింది. "నెల ఆగుదాం నాయనా."

"ఆగేది లే. సంచీ సర్దినాం."

"సంచీదేముంది, మళ్ళీ సర్దుకోవచ్చు. నీకెందుకప్పా ఇంత తొందర?"

"పిల్ల బతుకు మేడమ్. నెల నెలా జీతం తీసుకునేవాళ్ళకు మీకేం తెలుస్తాది."

తన కోసం నాయన ఇంతగా పట్టుబట్టడం ఎస్తేరు ఎన్నడూ చూడలేదు. మేడమ్ ముందు సిగ్గేసినా, లోపల ఎక్కడో సంతోషంగానే అనిపించింది. వనజాక్షి ఫ్లాపీని రెండు వేళ్ళతో పట్టుకుని అందించింది.

"చూపించుకో. నేర్పింది నేనని మాత్రం చెప్పద్దు."

మర్నాడు, సోమవారం, బెంగుళూరులో కంపెనీ గేటు దగ్గర కదిరప్ప కూతురి తల నిమిరాడు. "నువ్వు లోపలికి పో. సంచీ నేను పట్టుకుంటా. ఈడనే ఉంటా."

లోపల ఒకతను సైటు చూసి, హెడింగులన్నీ ఆకుపచ్చగా మార్చమన్నాడు. ఎస్తేరు అలవాటుగా ఫైలు అడుగున ఇంకో లైను రాసింది. సగం పచ్చబడ్డాయి, ఏ పేజీకా పేజీ విడిగా రాసినవి మొండికేశాయి. అతను ఫైలును పైకి జరుపుతూ, ఆమె కప్పిపెట్టిన లైన్లన్నీ ఒక్కొక్కటే పైకి చదివాడు. పక్కవాణ్ణి కూడా పిలిచి చూపించాడు. ఇద్దరూ నవ్వారు.

మంగళవారం పొద్దున గార్లదిన్నెలో ఎస్తేరు ఇంటి ముందుకు వచ్చేసరికి మారెమ్మ వాకిలి ఊడుస్తోంది. చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది.

"పని ఇయ్యలేదమ్మా."

"పోనీలే తల్లీ. రావనుకున్నా. వచ్చినావు, నాకదే చాలు." కూతురి మొహం, భుజాలు తడిమి, చేతులు పట్టుకుంది. ఆ చేతుల్లో ఫ్లాపీ తప్ప ఏమీ లేదు.

"సంచేదే?"

2004 ఫిబ్రవరి పదహారున సంచీతో గేటు దగ్గర నిలబడిన కదిరప్ప మళ్ళీ రాలేదు.