మూడుసార్లు వచ్చిన మనిషి

తలుపు చప్పుడైంది. ప్రేమ్‌రాజ్ ఉలిక్కిపడి లేచాడు.

కిటికీ రెక్క వేలెడంత తీసి చూశాడు. ఖాకీ ప్యాంటు, చంకలో ఫైలు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, చేతిలో కాగితం చూసి ఇంటి నంబరు సరిచూసుకుంటున్నాడు.

“వచ్చిండు. నన్ను పట్టుకపోనీకే వచ్చిండు. నేను లేనని చెప్పు,” అని భార్య స్వీటీతో గొణిగి, వంటింట్లో బియ్యం డబ్బా వెనక నక్కాడు. ఆరడుగుల మనిషికి ఆ డబ్బా ఏ మూలకూ చాల్లేదు.

స్వీటీ తలుపు ఓరగా తీసింది.

“ప్రేమ్‌రాజ్ ఇల్లు ఇదేనా అక్కా?”

“ఆయన లేడు. ఊరికి పోయిండు.”

“ఎప్పుడొస్తడు? జర అర్జంటు. ఆయనతోనే మాట్లాడాలె.”

“తెల్వదు.”

తలుపు మూసి గడియ పెట్టింది.

ఇంత భయానికి మూలం ఇంట్లోనే, బల్ల మీద కూర్చుని ఉంది. ఛత్తా బజార్‌లో పెళ్లికార్డుల ప్రెస్సు మూతపడ్డాక ప్రేమ్‌రాజ్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కంప్యూటరు. పని ఇచ్చేవాళ్లూ చేసేవాళ్లూ కలుసుకునే సైటొకటి ఇంటర్నెట్‌లో ఉందని ఎవరో చెప్పారు. అది 2007. మొహం చూడనివాడు పనిస్తాడా అని గల్లీ అంతా నవ్వింది.

ఇచ్చారు. పుణెలో ఎవరో టీచరమ్మ పాఠాలు టైపు చేయించుకుని, పని చాలా బాగుందని సైటులో నలుగురికీ కనబడేలా రాసింది. ప్రెస్సులో పన్నెండేళ్లు చాకిరీ చేస్తే ఎవడూ అనని మాట అది. ప్రేమ్‌రాజ్ పొంగిపోయాడు.

ఆ పొంగులోనే బోల్తా పడ్డాడు. అదే సైటులో ఒక కంపెనీ పలకరించింది. మధ్యలో సైటు ఎందుకు, టైపు పనికి మనమే నేరుగా ఒప్పందం రాసుకుందాం అంది. స్టాంపు కాగితం మీద సంతకం అడిగింది. ఇంగ్లీషులో తొమ్మిది పేజీలు. స్టాంపు కాగితం ఉందంటే పెద్ద కంపెనీయే అయివుంటుందని, ఒక్క ముక్క చదవకుండా సంతకాలు గీకి పంపాడు మన మహానుభావుడు.

పని ముగించిన వారానికి మెయిలొచ్చింది. తప్పులు ఎక్కువున్నాయట. రాసుకున్న ప్రకారం నలభై వేలు నష్టపరిహారం కట్టాలట. కట్టకపోతే అరెస్టు వారెంటుతో మనిషి ఇంటికే వస్తాడట.

ఇదిగో, మనిషి వచ్చాడు.

మూడోనాడు మళ్లీ వచ్చాడు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ప్రేమ్‌రాజ్, వెనక గోడ దూకి లాల్‌దర్వాజా మహంకాళి గుడి వెనక రెండు గంటలు దాక్కున్నాడు.

తిరిగి వస్తుంటే పక్కింటి భిక్షపతి ఆపాడు.

“ఏంది తమ్మీ, మొహం గట్ల పీక్కపోయింది?”

నిజం చెప్పడానికి నోరు రాలేదు. అరెస్టు అన్న మాట పొక్కితే స్వీటీ గల్లీలో తలెత్తుకోలేదు.

“ఎవరో గూండా అన్నా. ఎవరిదో అప్పు నన్ను కట్టుమని ఊకె వస్తుండు.”

“గంతేనా? ఫికర్ జెయ్యకు. ఈసారి రానియ్యి.”

మూడోసారీ వచ్చాడు. భిక్షపతి, ఇంకో నలుగురు చుట్టుముట్టారు. ప్రేమ్‌రాజ్ కిటికీ సందులోంచి చూస్తున్నాడు.

“ఎవరు భాయ్ నువ్వు? గీ ఇంటి మీదికి ఊకె వస్తున్నవ్?”

“ఆయన మంచికే అన్నా. ఒక్క మాట చెప్పి పోత.”

“గా మాటేందో మాకు చెప్పు.”

“అందరి ముందల చెప్పేది కాదన్నా. ఆయన ఇజ్జత్ పోతది.”

“మాకే కథలు చెప్తున్నవా? నడువ్!”

కాలరు పట్టి ఈడ్చారు. ఆ మనిషి మురికి మోరీ పక్కన పడ్డాడు. ఎదురు ఒక్క మాట అనలేదు. తడిసిన కాగితాలు ఏరుకుని కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

ప్రేమ్‌రాజ్ భయం తగ్గకపోగా రెట్టింపైంది. వారెంటు తెచ్చినవాణ్ణి కొట్టించిన కేసు కూడా మెడకు చుట్టుకుంటుందని హడలిపోయాడు. మర్నాడే కంప్యూటరు అమ్మేశాడు. మిగతా డబ్బు స్వీటీ చిట్టీ పాడుకుని తెచ్చింది. అడిగినదంతా కట్టేశాడు.

వారం తిరగకముందే నెట్ సెంటర్లో చూస్తే ఇంకో మెయిలు. కోర్టు ఖర్చులట, ఇంకా కట్టాలట.

“గిట్ల ఎన్నిసార్లు సస్తం? వకీలు దగ్గరికి పోదాం నడువ్,” అంది స్వీటీ.

వకీలు విమలాదేవి మెయిలు కాగితం చూడగానే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“మళ్లీ వీళ్లేనా! కోర్టు వారెంట్లు మెయిల్లో రావు బాబూ. ఇది దొంగ కంపెనీ. కొంపదీసి డబ్బు కట్టేశావా?”

ప్రేమ్‌రాజ్ తల ఊపాడు.

“అయ్యో! నా క్లయింటు నర్సింహ మీ ఇంటికి రాలేదా? ఆర్టీసీ కండక్టరు. ఎప్పుడూ ఆ ఖాకీ ప్యాంటులోనే ఉంటాడు.”

“మా ఇల్లు ఆయనకెట్ల తెలుసు మేడం?” అన్నాడు ప్రేమ్‌రాజ్.

“ఆ దొంగలు బెదిరించిన వాళ్లందరి పేర్లూ, అడ్రసులూ, అందరికీ కలిపి పంపిన మొదటి మెయిల్లోనే ఉన్నాయి కదా. చూడలేదూ?”

చూడలేదు. తన పేరు కనబడగానే కళ్లు తిరిగాయి, ఆ కిందికి పోనే లేదు.

“డ్యూటీ దిగగానే ఆ అడ్రసులు పట్టుకుని తిరిగాడు. పదకొండు మందిని కట్టకుండా ఆపాడు. లాల్‌దర్వాజాలో ఒక్కాయన దొరకట్లేదు, మళ్లీ పోతానన్నాడు. మోచెయ్యి చెక్కుకుపోయి ఉంటే ఏమైందని అడిగాను. బస్సు దిగుతూ జారిపడ్డానన్నాడు.”

స్వీటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆయనకెందుకు మేడం గిన్ని తిప్పలు?” అంది.

“ఎందుకేమిటమ్మా, వాళ్లను నమ్మి అందరికంటే ముందు నలభై వేలు పోగొట్టుకున్నది ఆయనే.”