ఐదో పేరు

ఆదివారం ఉదయం తొమ్మిదీ నలభైకి, అనకాపల్లిలో ఒక కతోలిక దేవాలయం వెనక, రాతి ఫలకం మీద కప్పిన గుడ్డను ఒక ముసలామె ఎత్తి చూసింది.

ఫలకం మీద ఐదు పేర్లున్నాయి. అన్నీ పునీతుల పేర్లు.

ఒకప్పుడు ఈ ఆవరణలో కొండ పిల్లల బోర్డింగు ఉండేది. పిల్లలు చేరిన రోజు ఏ పునీతుల పండుగైతే ఆ పేరు పెట్టేవారు. పుట్టిన వారాన్ని బట్టి ఇంట్లో పెట్టిన పేరు ఎక్కడా రాసేవారు కాదు. 1969 ఆగస్టులో జ్వరాలొచ్చాయి. చనిపోయిన పిల్లల ఇళ్లకు కబురు వెళ్లలేదు.

అందుకు బిషప్పు ఆ రోజు పదిన్నరకు కొండవాళ్లను క్షమాపణ అడగబోతున్నారు. ఫలకం మీద ప్రతి పేరు కిందా కొండ పేరు కోసం ఖాళీ వదిలారు. రిటైరైన టీచరు ఆరోగ్యమేరి ఆ పేర్ల కోసం రోలుగుంట, రావికమతం పైన ఊళ్లు రెండేళ్లు తిరిగింది. ఒక్కటీ దొరకలేదు.

"మామ్మా, ఆ గుడ్డ బిషప్పుగారు తియ్యాలి," అన్నాడు ఉపదేశి సత్యరాజు.

"సూత్తే అరిగిపోద్దేటి?"

ఆమె వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది. తన పేరు సుక్రి అంది. రోలుగుంట పైనుంచి వచ్చానంది.

సత్యరాజు పాత విద్యార్థుల జాబితా చూశాడు. సుక్రి లేదు. భోజనాలు పన్నెండున్నరకని చెప్పాడు. తినే వచ్చానంది.

ఆరోగ్యమేరి వచ్చి, ఆ పిల్లల కొండ పేర్లు తెలుసా అని అడిగింది.

"తెలుసు. ముందల ఒక పేరు సెరిపీండి. సచ్చిపోయినోలు నలుగురే."

"రిజిస్టర్లో ఐదుగురున్నారమ్మా."

"రిజిస్టరు ఎవులు రాసేరు?"

"సిస్టర్లు."

"తప్పు సెప్పుకోడానికే గదా పిలిసేరు. ముందల ఆ తప్పు సెప్పండి."

ఆరోగ్యమేరి అప్పటికే రిజిస్టరును మూడుసార్లు సరిచూసి ఉంది. ఎంతమంది పోయారో తెలియని మనిషికి పేర్లు తెలుస్తాయని ఆమె నమ్మలేదు. పూజయ్యాక మాట్లాడదామని చెప్పి, వెనక వరసలో కుర్చీ చూపించింది.

బిషప్పు మోకరించి క్షమాపణ చదివారు. ఐదు పేర్లు పిలిచారు. ఒక్కో పేరుకీ ఒక గంట కొట్టారు.

ఐదో గంటకు సుక్రి లేచి గేటు దాటింది.

పదహారు రోజుల తర్వాత ఆరోగ్యమేరి సుక్రి ఊరు వెతుక్కుంటూ వెళ్లింది. అప్పటికి సుక్రి చనిపోయి నాలుగు రోజులు.

పెద్దకొడుకు మంచం వాల్చాడు. పేరు సోము అన్నాడు. సోమవారం పుట్టావా అని ఆరోగ్యమేరి అడిగింది.

"కాదమ్మా, బుధవారం. మా తమ్ముడు మంగులు ఆదివారం పుట్టేడు. సెల్లెళ్లు బుద్రి, లచ్చి కూడా అంతే. ఒక్కరికీ వారం కుదరదు. ఊళ్లో నవ్వీవోరు."

"మరెందుకు పెట్టింది?"

"బోర్డింగులో అమ్మతోటి ఉన్నోలు నలుగురు జొరమొచ్చి సచ్చిపోయేరంట. ఆల్ల పేర్లు."

ఆరోగ్యమేరి నాలుగు పేర్లూ రాసుకుంది. సుక్రి బోర్డింగు ఎప్పుడు వదిలిందని అడిగింది.

నాలుగో పిల్లని పూడ్చిన మర్నాడు గోడ దూకిందని, చెరకు తోటల్లో పడి నడిచి మూడో రోజుకి ఇల్లు చేరిందని సోము చెప్పాడు. వెతుక్కుంటూ ఎవరూ రాలేదన్నాడు.

"అక్కడ ఏమని పిలిచేవారు?"

"ఆగ్నేస్ అనీవోరంట."

ఆరోగ్యమేరి సంచిలోంచి రిజిస్టరు నకలు తీసింది. నాలుగో మరణం ఆగస్టు 12.

దాని కింద: ఆగస్టు 13, ఆగ్నేస్, తొమ్మిదేళ్లు, జ్వరంతో మృతి.