కొబ్బరి చిప్పలు

"మన చైర్మన్ గారు నేత కుటుంబంలో పుట్టారు. ఎనిమిదేళ్ల వయసులో గుంట మగ్గంలో కాళ్లు అందక, తొక్కుడు పలకలకు కొబ్బరి చిప్పలు కట్టుకొని నేశారు. మన కంపెనీ ఇవాళ లైసెన్సు అందుకుంటున్న కొత్త మగ్గం ఆలోచన ఆ చిప్పల్లోనే పుట్టింది!"

గద్వాల సభలో చప్పట్లు మోగాయి. మైకులో చదువుతున్నది ఆ కంపెనీలోనే ఉద్యోగం చేసే హేమలత. బిడ్డను చూసి మురిసిపోదామని ముందు వరుసలో కూర్చున్న తిమ్మప్ప చేతులు మాత్రం లేవలేదు. ఆ చిప్పలు కట్టుకున్నది అతనే. ఆ సంగతి ఇల్లు దాటి ఎక్కడా చెప్పుకోలేదు.

సభ అయిపోగానే ఆమెను పక్కకు పిలిచాడు.

"నా ముచ్చట గా సారుకు ఎవరు చెప్పిండ్రు బిడ్డా? నీతోనే చదివిపిచ్చి నిన్ను గూడ మోసం జేసిండ్రు గదనే!"

"ఎవరూ మోసం జెయ్యలే నాయినా. సారు పరిచయం నేనే రాసిన. ఆయన పెద్ద పెద్ద కాలేజీలల్ల సదువుకున్నడు, గంతే. మగ్గం గురించి చెప్పుకోనీకె ఏం లేకుండె."



హేమలత తిమ్మప్ప భుజం మీది కండువా సర్దుతూ మెల్లగా అంది.

"నీ ముచ్చట ఉత్తగనే పడి ఉండె గద నాయినా."